మూడెకరాల చూపు

మైలవరం జలాశయం ఒడ్డున మూడెకరాల నల్లరేగడి చేను. పెన్నకు అడ్డంగా డ్యాం కట్టినప్పుడు ముంపుకు పోయింది పోగా ఆ కుటుంబానికి మిగిలింది అంతే. అక్క అక్కడే ఉంటుంది. చేనికి కాస్త ఎగువన బండల మిద్దె, ఇంట్లో గుంతమగ్గం, వెనక నాలుగు మేకలు. తమ్ముడు ప్రొద్దుటూరు చేరి చాలా ఏళ్ళయింది. బట్టల వ్యాపారంతో మొదలుపెట్టి ప్లాట్ల వ్యాపారంలోకి జరిగాడు. చేనును ముక్కలు చేసి ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెట్టాలని అతని పట్టు. ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉంది కాబట్టి ఆమె సంతకం లేకుండా పని కాదు.

ఇద్దరూ నా కల్పనే. తగువు కాదు. గండికోట లోయ ఫోటోలు దేశమంతా తిరిగాక, ఎగువ నుంచి కృష్ణ నీళ్ళు దిగడం మొదలయ్యాక, జమ్మలమడుగు తట్టు నీటి పక్కన సెంటు నేల ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఈ మాట రాకుండా ఉండదు. ఎవరు గెలిచారో తేల్చడం నా పని కాదు గానీ, నా మొగ్గు ఎటో దాచుకోను.

తమ్ముడు: అక్కా, సూటిగా అడుగుతా. పోయినేడు ఈ మూడెకరాల్లో నీకు మిగిలిందేంది?

అక్క: శనగ ఏసినా. పెట్టుబడి ఎల్లింది. మేకలకు మేత మిగిలింది.

తమ్ముడు: నేను చెప్పేదీ అదే. డ్యాం కట్టి నలభై ఏండ్లు దాటె. నీళ్ళు మన వాకిట్లో ఉండాయి, పంట మాత్రం కాలవల కింది వాళ్ళకు. కలమల్ల కాడి థర్మల్ కేంద్రానికి పైపుల్లో పోతాండాయి. ప్రొద్దుటూరోళ్ళు తాగనీకి నదిలోకి వదుల్తాండారు. ఇంగా పునాది దాటని ఉక్కు ఫ్యాక్టరీకి గూడా గండికోట నుంచి రెండు టీఎంసీలు రాసిపెట్టినారు. గట్టు మీద ఉండే మనకేమొచ్చింది? దోమలు. నీళ్ళు మనవి కావు, చేపలు మనవి కావు. చూసే చూపు ఒకటే మిగిలింది. దాన్నన్నా అమ్ముకుందామంటాండా.

అక్క: ఏ నెల చూపు అమ్ముతావురా?

తమ్ముడు: ఏ నెలంటే?

అక్క: నవంబర్ది అమ్ముతావా, మే నెలదా? వానలు పడి పైన గేట్లెత్తిన ఏడు నీళ్ళు మన గనెం దాకా వస్తాయి. అప్పుడొచ్చి ఫోటో తీసుకున్యావు, బ్రోచర్లో ఏస్తావు. ఎండాకాలం వచ్చి చూసినోడికి నీళ్ళు యాడుండాయో ఏలు పెట్టి చూపాల. మునిగిపోయిన పాత చేన్ల గట్లు తేల్తాయి. బురద నెర్రెలిస్తాది. తెగిన వలలు, గవ్వలు, బీరు సీసాలు. వాసన గూడా వస్తాది, అది బ్రోచర్లో రాదు.

(ఇక్కడ ఆమె పట్టుకున్న విషయం చాలామంది పట్టుకోరు. సహజమైన సరస్సుకు ఒడ్డంటూ కొంత నిలకడగా ఉంటుంది. జలాశయానికి ఉండదు. నింపడానికి ఒక కాలం, తోడడానికి ఒక కాలం. ఈ వాలు తక్కువ నేలల్లో నీటిమట్టం నాలుగైదు అడుగులు దిగితే అంచు ఎంతో దూరం జరిగిపోతుంది. దానికి తోడు ఎండ. కడప తట్టు ఏడాదికి పడే వాన కన్నా బయలు నీటి మీద నుంచి ఆవిరయ్యేదే ఎక్కువ. మనిషెత్తు నీళ్ళు ఆకాశానికే పోతాయి. ‘నీటి ఒడ్డు ఇల్లు’ అన్నప్పుడు ఒడ్డు ఏదో ముందు చెప్పాలి.)

తమ్ముడు: అది పాత కత అక్కా. అప్పుడు పెన్న ఒక్కదాన్నే నమ్ముకోవాల. నంది కొండల్లో పుట్టి కర్ణాటక, అనంతపురం దాటి మన కాడికొచ్చేసరికి అందులో నీళ్ళుంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఇప్పుడు గండికోట ఉండాది. 26.85 టీఎంసీలు పడతాది. శ్రీశైలం వెనక నీళ్ళు పోతిరెడ్డిపాడు కాడ తిరిగి, గోరకల్లు, అవుకు మీదుగా సొరంగాల్లో వస్తాండాయి. పైన అంత పెద్దది నిండినాక కింద మైలవరం ఎండేది ఎట్ల?

అక్క: వస్తాండాయి, కాదనను. వచ్చినేడు మా బోర్లో నీళ్ళు ఎగదన్నె. అయితే ఎవరి మాట మీద వస్తాండాయో చెప్పు. గండికోట నుంచి చిత్రావతికి ఎత్తిపోయాల, పైడిపాళేనికి ఎత్తిపోయాల. పులివెందుల చీనీ తోటలు ఆ నీళ్ళ మీదనే బతకాల. అందరికీ ఇచ్చినాక మనకు. ఆ లెక్క తేల్చేది కడపలోనో అమరావతిలోనో కూర్చునే ఆఫీసర్లు. నీ లేక్ వ్యూ కొన్నోడు కిటికీ తీస్తే నీళ్ళు కనపడాల్నా వద్దా అనేది వాళ్ళ చేతిలో ఉండాది. నీ చేతిలో లేనిదాన్ని ఎట్ల అమ్ముతావు?

తమ్ముడు: ప్రపంచమంతా అట్లనే అమ్ముతాండారు. హైదరాబాదులో దుర్గం చెరువు చూసినావు గదా, తీగల వంతెన, లైట్లు. దాని పక్కన ఫ్లాటు కొనాలంటే మన మూడెకరాలు మూడుసార్లు అమ్మాల.

అక్క: ఆ దుర్గం చెరువు పక్కనే గదా 2024లో ఎఫ్‌టీఎల్‌లో అంటే చెరువు నిండు నీటి హద్దులో ఉండాయని ఇండ్లకు నోటీసులు అంటించింది? హైడ్రా అని ఒకటి పెట్టి చెరువుల్లో కట్టినవి మిషన్లతో పడగొడతాండిరి. టీవీలో పగలంతా అదే. ఏడ్చిన వాళ్ళందరూ అప్పుచేసి కొన్నోళ్ళే, అమ్మినోడు ఒక్కడూ అగపడలే.

తమ్ముడు: మనది పట్టా భూమి. హద్దురాళ్ళకు బయట ఉండాది. ముప్పై మీటర్లు వదిలే లేఅవుట్ ఏస్తా. నేనేమన్నా నీళ్ళల్లో కడతా అంటాండానా?

ఈ మాట అతను నిజాయితీగానే అన్నాడు. చెరువు అంచు నుంచి ముప్పై మీటర్లు వదలాలన్న నియమం ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి భవన నిబంధనల్లోనే ఉంది: పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు. పది హెక్టార్ల లోపువైతే తొమ్మిది మీటర్లు చాలు. కాగితం మీద అది పెద్ద దూరం. కొలిచి చూస్తే ఎద్దులబండి మలుపు తిరిగేంత మేర.

నాకు ఇక్కడ పోరుమామిళ్ళ గుర్తొస్తుంది. ఇదే కడప జిల్లాలో, బద్వేలు తట్టు, 1369లో వేయించిన చెరువు శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువది. అనంతరాజ సాగరమని పేరు. రెండేళ్ళ పాటు రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో రాయించాడు. అంతకన్నా విలువైనది దాని తర్వాతి భాగం. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు వరసగా చెప్పాడు. పాలకుడు ధర్మంగా ఉండాలి, నీటి శాస్త్రం తెలిసినవాడు దగ్గర ఉండాలి, అడుగున గట్టి నేల ఉండాలి, తియ్యని నీళ్ళ నది వచ్చి చేరాలి, కట్టకు రాయి దగ్గరలో దొరకాలి, కింద సమమైన సారవంతమైన పొలాలుండాలి. ఇలా సాగుతుంది పట్టిక. దోషాల్లో కట్ట నుంచి నీరు కారడం ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం ఇంకొకటి. ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ మాట పోతిరెడ్డిపాడు నీళ్ళ మీద రెండు రాష్ట్రాల గొడవలు తెలిసినవాళ్ళకు వెంటనే ఎక్కుతుంది. నీళ్ళు ఎక్కువై నేల తక్కువవడం, నేల ఎక్కువై నీళ్ళు తక్కువవడం కూడా దోషాలే. ఆ పన్నెండు అంగాల్లో చెరువు అందం గురించి గానీ, ఒడ్డున ఎవరుండాలన్న దాని గురించి గానీ ఒక్కటీ లేదు. చెరువంటే వాళ్ళ దృష్టిలో కట్ట, తూము, కింది పొలం. గట్టు మీద ఇల్లు కట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చునే మనిషిని ఆ శాసనకర్త ఊహించలేదు. తమ్ముడికి ఇది చెబితే ఏమంటాడో నాకు తెలుసు: ‘అప్పుడు కువైట్ లేదు.’

తమ్ముడు: కొనేవాళ్ళు ఉండారక్కా. కువైట్‌లో ఉండే మనోళ్ళే ఎనిమిది మంది ఫోన్లో అడిగినారు. ఎడారిలో ఇరవై ఏండ్లు గడిపినోడికి నీళ్ళ పక్కన ఇల్లు కావాలనే ఆశ ఉండదా? అది తప్పా?

అక్క: తప్పని నేనంటినా? ఆ ఆశ ఉండేవాళ్ళకే చెప్తాండా. ఇక్కడి నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతాది, ఎండకు చీలుతాది. మన మిద్దెకు ఎన్నిసార్లు గోడ పగిల్తే బేల్దారిని పిలిచినామో నీకు తెలీదా? లోతు పునాది తీసి, గట్టి నేల తగిలేదాకా పోయి, బెల్టు పోయించుకుంటే నిలుస్తాది. నీ ప్లాటు ధరలో అది చెప్తావా?

తమ్ముడు: కట్టుకునేవాడు చూసుకుంటాడు.

అక్క: చూడు, ఆ మాటే. కట్టుకునేవాడు చూసుకుంటాడు, కొన్నోడు చూసుకుంటాడు. నీళ్ళు నిండిన ఏడు మగ్గం గుంతలో కాళ్ళు పెడితే చెమ్మ తగుల్తాది. రొంత చెమ్మ మగ్గానికి మంచిదే, పోగు తెగదు. మా అత్త కాలంలో అందుకే గుంత తవ్వేవాళ్ళు. ఎక్కువైతే అడుగున నీళ్ళే ఊరతాయి, గుడ్డ మరకపడతాది, నెల కూలి పోతాది. పాములు గూడా ఎండ నేలను ఎతుక్కుంటా ఇండ్లలోకే వస్తాయి. సాయంత్రం ఆరు కొట్టంగానే వాకిలి మూయకపోతే దోమలు సంగటి ముద్ద మీద వాల్తాయి. నీళ్ళ పక్కన కాపరమంటే ఇది. ఆదివారం వచ్చి సెల్ఫీ తీసుకునేది కాదు.

తమ్ముడు: మరెందుకుండావు ఈడ? ప్రొద్దుటూరుకు రమ్మని ఎన్నేండ్ల నుంచి అడుగుతాండా!

ఆమె వెంటనే జవాబు చెప్పదు. మామూలుగా ఇలాంటి చోట రచయితలు ఆమె నోట నీటి మీద ప్రేమ గురించి ఒక అందమైన మాట పలికిస్తారు. నేను పలికించను. మగ్గం ఇక్కడ ఉంది, మేకలు ఇక్కడ మేస్తాయి, ప్రొద్దుటూరులో ఇంటి బాడుగ ఆమె నెల సంపాదనను మింగేస్తుంది. ఇవీ కారణాలు. చల్లగాలి కూడా ఒక కారణమే. జమ్మలమడుగులో రాత్రి పది గంటలకు కూడా బండల మిద్దెల్లోంచి సెగ వచ్చే రోజుల్లో, నీళ్ళ మీదుగా వచ్చే గాలికి మంచం వాకిట్లో వేసుకోవచ్చు. నీళ్ళున్నన్నాళ్ళు.

అక్క: నా సంగతి తరవాత. నువ్వు పాతిక ప్లాట్లు ఏస్తావు. పాతిక ఇండ్లు. అందరికీ కక్కసులుంటాయి గదా. ఆ నీళ్ళు యాడికి పోతాయి?

తమ్ముడు: సెప్టిక్ ట్యాంకులు కడతారు.

అక్క: నల్లరేగడిలో ఇంకుడు గుంత నీళ్ళు పీలుస్తాదా? వానాకాలం పొంగుతాది. పొంగిన నీళ్ళకు వాలు ఎటుందో చూడు, అటే పోతాయి.

తమ్ముడు: అంత పెద్ద జలాశయానికి పాతిక ఇండ్ల నీళ్ళు ఒక లెక్కా?

అక్క: మొదటి పాతికకు లెక్కుండదు. నా కొడుకు బెంగళూరులో ఉండే తట్టు బెళ్ళందూరు చెరువుకూ మొదటి పాతిక ఇండ్లకు లెక్క లేదు. 2017లో ఆ చెరువుకు నిప్పంటుకున్యాది. నీళ్ళకు నిప్పు! నురగ లేచి రోడ్డు మీద బండ్లోళ్ళ మొగాన పడతాంటే వాడు వీడియో తీసి పంపినాడు. సరే, బెంగళూరు మనకెందుకు. నువ్వు ప్రొద్దుటూరులో తాగే నీళ్ళు యాడివి?

తమ్ముడు: మునిసిపాలిటీవి.

అక్క: మునిసిపాలిటీకి యాడివి? పెన్న ఇసుకలో ఊరేవే గదా. ఎండాకాలం ఇసుక ఎండిపోతే మైలవరం నుంచి వదలమని మీ వాళ్ళే అడుగుతారు. మన ఇంటి ముందర నుంచే పోయి నీ ఇంటి కొళాయిలో పడతాయి అబ్బీ. నువ్వు అమ్మిన ప్లాటులో కక్కసు కడిగిన నీళ్ళు నీ పెండ్లాం బిందెలో పట్టుకుంటాది.

తమ్ముడు నవ్వేశాడు, కోపంతో కలిసిన నవ్వు. ఈ వాదనకు అతని దగ్గర ఇసుక వడగడుతుందని, క్లోరిన్ వేస్తారని జవాబుంది. అది చెప్పాడు కూడా. ఆమె విననట్టు మేకకు గడ్డి వేసింది.

తమ్ముడు: నేనొకటి చెప్తా, దీనికి జవాబియ్యి. మనం అమ్మకపోతే పక్క చేనాయన అమ్ముతాడు. ఇప్పటికే బేరం నడుస్తాంది. ఆయన ప్లాట్లలో పాతిక ఇండ్లు లేస్తాయి, అదే నీళ్ళు, అదే కక్కసులు. దోమలు రెండింతలు. నీకు చెడ్డ అంతా మిగుల్తాది, డబ్బు మాత్రం రాదు. అప్పుడు నీ పెద్దరికం ఎవరు మెచ్చుకోవాల?

ఈ వాదన బలమైంది. మన ఊళ్ళన్నిటిలో చెరువులు పూడిపోయింది ఈ ఒక్క వాక్యంతోనే. ఒక్కడు ఆగితే చెరువు ఆగదు. ఆమె దగ్గర దీనికి జవాబు లేదు. ఉన్నట్టు నటించనూ లేదు.

అక్క: అమ్ముకోనీ. ఆయన దోషం ఆయనది.

తమ్ముడు: అట్లంటే కాదక్కా. ఇంగోటి చెప్తా. డ్యాం కట్టినోళ్ళు నాయనను అడిగినారా? గండికోట నింపేటప్పుడు తాళ్లప్రొద్దుటూరోళ్ళు రోడ్డు మీద కూర్చుని మొత్తుకున్నారు గదా, పరిహారం అందాకనే నీళ్ళు నింపండని. 2020లో నీళ్ళు ఇండ్లలోకి వచ్చినాయా లేదా? కొండాపురం తట్టు ఎన్ని ఊళ్ళు లేచిపోయినాయి? నీళ్ళు ఎప్పుడూ మన కోసరం ఆగలే. మనం మాత్రం నీళ్ళ కోసరం ఎందుకు ఆగాల? నేలంతా తీసుకున్నోళ్ళు తీసుకుపోయినారు. మిగిలింది అమ్ముకునే హక్కు గూడా లేదా మనకు?

అక్క: ఉండాది. ఆ హక్కు లేదని నేనన్లే. నాయన దానికి కడుపు మండే పోయినాడు. అందుకే చెప్తాండా. నీళ్ళు ఆగవు అని నీ నోటితోనే అంటాండావు. ఆగని నీళ్ళ పక్కన ఇంకొకడిని కూర్చోబెట్టి డబ్బు తీసుకుంటే, మనకు చేసిందే మనం ఇంకొకడికి చేసినట్టు గదా?

తమ్ముడు: మనం ఎవర్నీ ముంచడంలే.

అక్క: 2021 నవంబర్‌లో రాజంపేట కాడ అన్నమయ్య డ్యాం కట్ట తెగింది. తెల్లారేసరికి పులపత్తూరు, మందపల్లి కొట్టుకుపోయినాయి. ఆ ఊర్ల వాళ్ళు గూడా చెయ్యేటి పక్కన చల్లగా బతుకుతా ఉన్నోళ్ళే. మన చేను డ్యాంకు వెనక ఉండాది, అంత భయం లేదు. తెలుసు నాకు. అయినా ఆ వారమంతా పడుకున్యానా నేను?

తమ్ముడు కాసేపు వేరే దారి పట్టాడు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తే ఇంజినీర్లు వస్తారు, వాళ్ళకు ఇళ్ళు కావాలి, ధర మూడింతలవుతుంది. ఇది ఎక్కువ సేపు సాగలేదు.

అక్క: దానికి మొదటి రాయి ఎప్పుడు ఏసినారు?

తమ్ముడు: 2007లో.

అక్క: ఇంగొకటి?

తమ్ముడు: 2018లో, మన మండలంలోనే, కంబాలదిన్నె కాడ. మళ్ళా 2019, సున్నపురాళ్లపల్లె. మళ్ళా ఆడనే 2023.

అక్క: నాలుగు రాళ్ళు. ఇంగో నాలుగు ఏస్తే బండలకన్నా పనికొస్తాయి.

తమ్ముడు: సరే, ఉక్కు ఇడిచిపెట్టు. గండికోట మాత్రం వట్టి మాట కాదు. 2024లో కేంద్రం దాని అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. ఆదివారం పో, కార్లు పెట్టనీకి జాగా ఉండదు. బెంగళూరు పిల్లోళ్ళు గుడారాలేసుకుని రాత్రంతా ఉంటాండారు. వాళ్ళంతా తిరిగి పోయేటప్పుడు జమ్మలమడుగు మీదనే గదా పోయేది. మైలవరం ఎంత దూరం? నీళ్ళు చూపిస్తే రాకుండా పోతారా?

అక్క: వస్తారు. వచ్చి ఏం తింటారు?

తమ్ముడు: ఏమన్నా తింటారు. బిర్యానీ.

అక్క: బిర్యానీ బెంగళూరులో దొరకదా? మొన్న ఎవరో నలుగురు పిల్లోళ్ళు దోవ తప్పి ఇటొచ్చి, వలోడి కాడ చేప కొనుక్కుని, వండిపెట్టమని నన్నడిగినారు. సంగటి చేసి పులుసు పోసినా. తిన్నాక ఒకాయన వంద రూపాయలు చేతిలో పెట్టి, ఇంగా ఇయ్యాల్నా ఆంటీ అని అడిగినాడు. ఆంటీ అని.

తమ్ముడు: (ఒక్క క్షణం ఆగి) ఎంతమందికి పెట్టినావు?

అక్క: నలుగురికి.

తమ్ముడు: నలుగురికి వందనా! అక్కా, గండికోటలో ఒక్క ప్లేటు మ్యాగీ ఎంతో తెలుసునా నీకు?

అక్క: అది నాకెందుకు. నేను చెప్పేది ఇను. చేను అమ్మితే ఒకసారి డబ్బు. చెట్ల కింద రెండు పందిళ్ళు ఏసి, బండ పరిచి, వచ్చినోళ్ళకు సంగటి పెడితే నీళ్ళున్న నెలలన్నీ డబ్బు. మే నెలలో ఎవరూ రారు. రాకపోనీ, అప్పుడు మగ్గం నేసుకుంటా. నువ్వు ఫోన్లో బోర్డు పెట్టు, జనాన్ని పంపు. లాభంలో సగం నీది. చేను జోలికి మాత్రం రావద్దు.

తమ్ముడు: పందిట్లో కూర్చునేవాళ్ళకు గూడా కక్కసు కావాల గదా?

అక్క: ఒక్కటి కడదాం. పైన, రోడ్డు పక్క. ట్యాంకు నిండితే బండి పిలిచి తోడించుకునే ఖర్చు లెక్కలో రాసుకో. ఆ ఖర్చు నీ సగంలోంచి.

తమ్ముడు: నా సగంలోంచే ఎందుకు?

అక్క: తాగేది మీరు గాబట్టి.

తమ్ముడు: ... ప్లేటు ఎంత పెడదాం?

అక్క: నూట యాభై.

తమ్ముడు: రెండొందలు. ఊరిబిండి గూడా పెడితే రెండొందల యాభై.

అక్క: ఊరిబిండికి యాభై రూపాయలా? చెనిక్కాయలు మన చేన్లోయే గదరా!

తమ్ముడు: వాళ్ళకు తెలీదు గదా.

అక్క: మళ్ళా మొదలుపెట్నావు నువ్వు.